అప్పు అడిగేవాడే లేకపోతే?

ఆర్థిక వ్యవస్థ చల్లబడితే వడ్డీ తగ్గించాలి. వడ్డీ తగ్గితే వ్యాపారులు అప్పులు తీసుకుంటారు, ఫ్యాక్టరీలు పెడతారు, ఉద్యోగాలొస్తాయి. మనందరం పేపర్లలో చదివే సూత్రం ఇదే. మరి బ్యాంకు పిలిచి ఇస్తానన్నా పుచ్చుకునేవాడు లేకపోతే? జపాన్లో అదే జరిగింది.

1989 డిసెంబరు 29న టోక్యో షేర్ల సూచీ నిక్కీ 38,915 దగ్గర ముగిసింది. అప్పట్లో భూమి తాకట్టు పెడితే చాలు, బ్యాంకులు ఎగబడి అప్పులిచ్చేవి. ఆ బుడగని అదుపు చేద్దామని బ్యాంక్ ఆఫ్ జపాన్ 2.5 శాతం ఉన్న తన వడ్డీ రేటుని 1990 ఆగస్టుకల్లా 6 శాతం చేసింది. ముందు షేర్లు, ఆ తర్వాత భూముల ధరలు కుప్పకూలాయి. సరే, మళ్ళీ దారిలో పెడదామని 1995 సెప్టెంబరులో అదే రేటుని 0.5 శాతానికి దించారు. 1999 ఫిబ్రవరిలో బ్యాంకులు ఒకదానికొకటి ఒక్కరోజుకి ఇచ్చుకునే అప్పుల మీద వడ్డీని దాదాపు సున్నా చేశారు. అయినా బ్యాంకులిచ్చిన మొత్తం అప్పులు పెరక్కపోగా ఏళ్ళ తరబడి తగ్గుతూనే వచ్చాయి.

తప్పెవరిది? మన భాషలో చెప్పాలంటే త్రూపుట్ పడిపోయింది. సర్వర్ నెమ్మదించిందా, అసలు రిక్వెస్టులే రావట్లేదా? మొత్తం అప్పు అనే ఒక్క అంకె చూస్తే ఈ తేడా తెలీదు.

1997 నవంబరులో హొక్కైడో తకుషోకు బ్యాంకు, యమాయిచి సెక్యూరిటీస్ మూతపడ్డప్పుడు బ్యాంకులే భయపడి చెయ్యి బిగించిన మాట నిజమే. కానీ 1999లో ప్రభుత్వం బ్యాంకులకి మూలధనం పోసింది. ఆ తర్వాతా అప్పులు పుంజుకోలేదు. దీనికి నొమురా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆర్థికవేత్త రిచర్డ్ కూ చెప్పిన కారణం నాకు సబబుగా అనిపిస్తుంది. చాలా కంపెనీలకి లాభాలు వస్తూనే ఉన్నాయి. కానీ అప్పు చేసి కొన్న ఆస్తి విలువ కరిగిపోయింది, అప్పు మాత్రం అలాగే నిలబడింది. అందుకని వచ్చిన ప్రతి యెన్నూ పాత బాకీకే పోయింది. ఒక్క కంపెనీ చేస్తే అది బుద్ధిమంతుల పనే. అందరూ ఒకేసారి చేస్తే మాత్రం కొనేవాడూ ఉండడు, ఉద్యోగమిచ్చేవాడూ ఉండడు. ఆ ఏళ్ళలో కాలేజీ నుంచి బయటికొచ్చిన ఎంతోమందికి పర్మనెంట్ ఉద్యోగం దొరకలేదు. జపాన్లో ఆ కాలానికి "ఉద్యోగాల మంచుయుగం" అని పేరే పడిపోయింది.

అందుకే లోన్ ఆఫీసర్లని నేరుగా అడిగే సర్వేలకి అంత విలువ. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 1960ల నుంచి చేస్తోంది, బ్యాంక్ ఆఫ్ జపాన్ 2000లో మొదలెట్టింది. వీటిలో ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి: మీరు షరతులు బిగించారా? అడిగేవాళ్ళు తగ్గారా?

డిమాండ్ పెరిగిందంటే అంతా బావున్నట్టేనా అంటే, అదీ కాదు. 2008 చివర్లో, మళ్ళీ 2020 మార్చిలో అమెరికాలో కంపెనీల అప్పులు ఒక్కసారిగా ఎగిశాయి. రేపు దొరుకుతుందో లేదోనని ముందే ఒప్పందమున్న సొమ్మంతా లాగేసుకున్నారు. ఎదగడానికి చేసిన అప్పు కాదది, భయంతో చేసింది.

కాబట్టి నా మటుకు నాకు అప్పు ఎంత పెరిగిందనేది రెండో ప్రశ్న. ఎవరడిగారు, ఎందుకడిగారు అన్నదే మొదటిది. ఈ ప్రశ్నకి జవాబు బాగోలేకపోతే దేశానికి ఎంత కాలం పడుతుందో నిక్కీనే చెబుతుంది. 1989 నాటి ఆ అంకెని అది మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో.