మరుగైన పాపం, దేవుని పరిశోధన

మరుగైన పాపం అంటే క్రైస్తవ విశ్వాసి జీవితంలో వెలుగులోకి రాకుండా ఉండిపోయిన పాపం. ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. మొదటిది, చేసినవాడికి తెలిసి చుట్టూ ఉన్నవాళ్లకు తెలియనిది: దాచిన డబ్బు, గుట్టుగా సాగే సంబంధం, తలుపు మూసుకున్నాక మొదలయ్యే అలవాటు. రెండోది, చేసినవాడికే తెలియనిది: భక్తి అనుకుంటున్న గర్వం, న్యాయం కోసం పట్టుదల అనుకుంటున్న పగ, పొదుపు అనుకుంటున్న లోభం. సంఘాల్లో వినబడే ప్రసంగాలు ఎక్కువగా మొదటిదాని మీదే ఉంటాయి కానీ అసలు చిక్కు రెండోదానిలో ఉంది. దాచుకున్నదాన్ని బయటపెట్టమని మనిషికి చెప్పవచ్చు. తనకే కనబడనిదాన్ని బయటపెట్టమంటే అతను ఏం చేస్తాడు? వెతకాల్సిన కన్నే మసకబారినప్పుడు వెతుకులాట దేవుని దగ్గర మొదలు కావాలన్నది క్రైస్తవ సంప్రదాయం ఇచ్చిన జవాబు. అది మనిషిని సోమరిని చేస్తుందన్న ఆక్షేపణ పదహారు శతాబ్దాల నాటిది. లేఖనాలనూ సంఘ చరిత్రనూ దగ్గరగా చూస్తే ఆ ఆక్షేపణ నిలవదు.

ఈ విషయానికి మూలం 19వ కీర్తన 12వ వచనం. తన తప్పులన్నిటినీ తానే పసిగట్టగల మనిషి లేడన్న ఒప్పుకోలుతో మొదలై, మరుగైనవాటి దోషం నుంచి విడిపించమన్న వేడుకోలుతో అది ముగుస్తుంది. అక్కడ హీబ్రూలో ఉన్న మాట ‘నిస్తారోత్’, అంటే ‘మరుగై ఉన్నవి’. తెలుగు బైబిలు ఆ చోట ‘రహస్యముగా’ అన్న మాట వాడింది. దాంతో చదివేవారి మనసు దొంగచాటు పనుల మీదికి పోతుంది. కానీ వచనం మొదటి సగం తెలుసుకోలేకపోవడం గురించే మాట్లాడుతోంది కాబట్టి, ఇక్కడ మరుగైనది ముందుగా పాడేవాడికే మరుగైనది. తెలిసి తెగించి చేసే పాపాల ప్రస్తావన ఆ తర్వాతి వచనంలో వేరుగా వస్తుంది. ఇదే కీర్తనలో ఇంకో సంగతి ఉంది. 6వ వచనం సూర్యుడు ఆకాశం ఈ చివరి నుంచి ఆ చివరికి సాగే తీరు చెబుతూ, అతని వేడికి మరుగైనది ఏదీ ఉండదంటుంది. అక్కడ వాడిన మాట ‘నిస్తార్’, 12వ వచనంలోని మాటకు ఏకవచనం. కవి ముందు ఎండను చూపించాడు, తర్వాత ధర్మశాస్త్రాన్ని పొగిడాడు, ఆ తర్వాతే తన లోపలి చీకటి గురించి నోరు విప్పాడు. ఆ వరుసలోనే అర్థం ఉంది. తాను దీపం పట్టుకుని తన గుండెలో వెతుకుతానని అతను అనడం లేదు. ఏదీ తప్పించుకోలేని వేడిమి కిందికి వచ్చి నిలబడుతున్నాడు.

మిగతా లేఖనాలూ ఇదే దారిలో ఉన్నాయి. తెలియక చేసిన పాపానికి కూడా బలి అర్పించాలని లేవీయకాండం 4వ అధ్యాయం విధించింది. ఎరుక లేకపోతే దోషం లేదన్న వాదనకు అక్కడ చోటు లేదు. యిర్మీయా 17వ అధ్యాయం మనిషి హృదయం అన్నిటికంటే మోసకరమైనదని చెప్పి, దాన్ని తెలుసుకోగలవాడెవడని అడుగుతుంది. ఆ ప్రశ్నకు మనిషి జవాబివ్వడు. పరిశోధించేది తానేనని తర్వాతి వచనంలో దేవుడే చెబుతాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, తన మనస్సాక్షికి ఏ తప్పూ కనబడకపోయినా అంతమాత్రాన తాను నిర్దోషిని కానని, తీర్పు ప్రభువుదని అంటాడు. అపొస్తలుడంతటివాడు తన మనస్సాక్షిని చివరి న్యాయస్థానంగా ఒప్పుకోలేదు.

తెలిసి దాచిన పాపం సైతం కొంతకాలానికి తెలియని పాపంగా మారిపోతుందనడానికి దావీదు కథే ఆధారం. సమూయేలు రెండో గ్రంథం 11, 12 అధ్యాయాల ప్రకారం, బత్షెబ విషయంలో తప్పు చేసి, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించిన తర్వాత, బిడ్డ పుట్టేదాకా నెలల తరబడి దావీదు రాజుగా మామూలుగానే ఉన్నాడు. అతని మనస్సాక్షి చచ్చిపోలేదు. పేదవాడి ఒకే ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి సంగతి ప్రవక్త నాతాను చెప్పగానే కోపంతో మండిపడి, ఆ మనిషి మరణానికి తగినవాడని తీర్పు చెప్పాడు. ఎదుటివాడి మీద అంత చురుగ్గా పనిచేసిన మనస్సాక్షి తన మీద పనిచేయలేదు. ఆ కథలో అసలు మలుపు 12వ అధ్యాయం మొదటి మాటలోనే ఉంది: నాతానును యెహోవా పంపాడు. దావీదు కూర్చుని ఆత్మపరీక్ష చేసుకోలేదు. బయటినుంచి వచ్చిన మాటే అతన్ని తెరిచింది. యెహోషువ 7వ అధ్యాయంలో ఆకానుదీ ఇంతే. దొంగిలించిన మంచి పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి తన డేరాలో నేలలో పాతిపెట్టి, గోత్రం, వంశం, కుటుంబం అంటూ దేవుడు చేయించిన వడపోత తన దాకా వచ్చేవరకు పెదవి విప్పలేదు.

మనిషి సొంత ప్రయత్నం ఎక్కడ తడబడుతుందో ఎడారి సన్యాసులు బాగా గమనించారు. 5వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గాల్ దేశంలో మఠాల కోసం రాసిన జాన్ కాసియన్, కీర్తికాంక్షను ఆ ఎడారి పెద్దలు ఉల్లిపాయతో పోల్చేవారని చెప్పాడు. ఒక పొర ఒలిస్తే కింద ఇంకో పొర. మంచి బట్టలతో గొప్ప చూపించుకోవడం మానినవాడు చిరుగు బట్టలతో గొప్ప చూపించుకుంటాడు. మాటకారితనం వదిలినవాడు తన మౌనం చూసుకుని మురుస్తాడు. గర్వాన్ని గెలిచానన్న తృప్తి గర్వానికే మేతవుతుంది. ఒలిచే చేతికే ఆ వాసన పట్టి ఉన్నప్పుడు ఒలవడం ఎక్కడ ముగుస్తుంది? ఉపవాసమూ క్రమశిక్షణా వ్యర్థమని దీని అర్థం కాదు, కాసియనే వాటిని గట్టిగా బోధించాడు. వాటితో పని మొదలవుతుంది, పూర్తి కాదు.

మొదట్లో చెప్పిన సోమరితనపు ఆక్షేపణ ఇక్కడే వస్తుంది. దాన్ని లేవనెత్తినవాడు రోమ్‌లో బోధించిన పెలాగియస్. అగస్టీన్ దాదాపు 397 నుంచి 400 వరకు రాసిన ‘కన్ఫెషన్స్’ పదో భాగంలో, దేవుడు ఏది ఆజ్ఞాపిస్తాడో దాన్ని చేసే శక్తినీ ఆయనే ఇవ్వాలన్న ప్రార్థన ఉంది. రోమ్‌లో ఎవరో ఆ మాట చదివి వినిపిస్తే పెలాగియస్ సహించలేకపోయాడని అగస్టీనే తర్వాత రాశాడు. పెలాగియస్ బాధ తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. రోమ్ క్రైస్తవుల జీవితాల్లో నీతి పలచబడటం అతను కళ్లారా చూశాడు. అంతా దేవుడే చేయాలంటే మనిషి చేతులు కట్టుకుని కూర్చుంటాడని భయపడ్డాడు. ఈ రోజు కూడా ‘దేవుడే మార్చాలి’ అన్న మాట కొన్నిసార్లు మారడం ఇష్టం లేని మనసు నుంచే వస్తుంది. అయితే పెలాగియస్ రోగాన్ని తక్కువగా అంచనా వేశాడు. ఆజ్ఞ ఇస్తే చాలు, మనిషి చేయగలడన్నది అతని నమ్మకం. ఏ ఆజ్ఞను మీరుతున్నాడో మనిషికే కనబడనప్పుడు ఆ నమ్మకం దేనికి పనికొస్తుంది? 418లో కార్తేజ్ మహాసభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది.

ఆధారపడటం వేరు, ఊరుకోవడం వేరని తేటగా చూపినవాడు జాన్ ఓవెన్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో, 1656లో, విశ్వాసుల్లో పాపాన్ని చంపడం గురించి ఆయన రాసిన పుస్తకం మొత్తం రోమీయులకు 8:13 మీద నిలబడింది. ఆ వచనం నిర్మాణం గమనించదగ్గది. చంపేది ‘మీరు’, చంపేది ‘ఆత్మచేత’. కర్త మనిషి, కరణం దేవుని ఆత్మ. ఈ రెంటిలో ఏది తీసేసినా వాక్యం విరిగిపోతుంది. సొంత బలంతో, సొంతంగా కల్పించుకున్న పద్ధతులతో పాపాన్ని చంపబోవడమే ప్రపంచంలోని తప్పుడు మతానికంతటికీ ప్రాణమన్నది ఓవెన్ నిర్ణయం. పాపంతో పోరు ఒక్క రోజు కూడా ఆపకూడదని అంతే గట్టిగా చెప్పింది కూడా ఆయనే.

రెండో ఆక్షేపణ దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. మరుగైన పాపాల గురించి ఇంత మాట్లాడితే సున్నిత మనస్కులు తమను తాము తవ్వుకుంటూ నలిగిపోరా? నలిగిపోతారు, చరిత్రే సాక్షి. ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపసంకీర్తనం చేయాలని 1215లో నాలుగో లేటరన్ మహాసభ నియమం పెట్టింది. ఆ నియమం కిందే ఎర్‌ఫర్ట్ మఠంలో యువ సన్యాసి మార్టిన్ లూథర్ గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికి రాగానే మరిచిపోయినవి గుర్తొచ్చి మళ్లీ కుమిలిపోయేవాడు. అతనికి ఊరట దొరికింది జాబితా పూర్తయినందువల్ల కాదు, జాబితాతో పని లేని కృప దొరికినందువల్ల. లూథర్ పక్షం వారి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, పాపాలన్నీ లెక్కపెట్టి చెప్పనక్కర్లేదని అంటూ ఆధారంగా 19వ కీర్తన 12వ వచనాన్నే చూపింది. 1551లో రోమన్ కతోలికుల ట్రెంట్ మహాసభ దీనికి ఎదురు నిలిచి, గుర్తున్న చావైన పాపాలన్నిటినీ చెప్పి తీరాలంది. శ్రద్ధగా ఆలోచించినా గుర్తుకు రానివి మాత్రం ఆ ఒప్పుకోలులోనే కలిసి ఉన్నట్టు ఎంచాలంది. దానికి ఆధారం? అదే వచనం. అంత తీవ్రంగా తగవుపడిన రెండు పక్షాలూ మనిషి చూపు ఆగిన చోట ఒకే ప్రార్థన చేతికి తీసుకున్నాయి. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఈ వ్యాస విషయానికి దొరకదు. దేవుడు వెతుకుతున్నాడన్న నమ్మకం మనిషిని ఆ అంతులేని తవ్వకం నుంచి తప్పిస్తుంది. ఆయన చూపినదాన్ని ఒప్పుకుంటే చాలు, చూపనిదాన్ని ఊహించి వణకాల్సిన పని లేదు.

దేవుడు చూపించేది తరచుగా తోటి మనిషి నోటి ద్వారానే. 1738 డిసెంబరులో జాన్ వెస్లీ చిన్న బృందాలకు రాసిన నియమాల్లో వారానికోసారి అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఒకటి తెలిసిన పాపాల గురించి. ఇంకొకటి, పాపమో కాదో తేలక సందేహంగా ఉన్న మాట, ఆలోచన, పని గురించి. రెండో ప్రశ్న లేకపోతే మొదటిది ఎప్పుడూ పైపైనే తిరుగుతుంది. జర్మనీలో ఫింకెన్‌వాల్డె సెమినరీని 1937లో గెస్టపో మూసేశాక డీట్రిచ్ బోన్‌హోఫర్ రాసి 1939లో ప్రచురించిన చిన్న పుస్తకం ఇంకా సూటిగా అడుగుతుంది: దేవునికి ఒప్పుకున్నాం అనుకుంటూ మనకు మనమే ఒప్పుకుని, మనకు మనమే క్షమించేసుకుంటున్నామేమో? దేవుని మీద ఆధారపడటం ఏకాంతంలోనే జరగాలనుకునేవారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ చివరిది. ‘దేవుని దగ్గర తేల్చుకున్నాను’ అన్న మాట చాటున ఎదుటివారికి జరిగిన హాని పూడ్చిపెట్టడం. ఆస్ట్రేలియాలో పిల్లలపై లైంగిక అత్యాచారాలకు సంస్థలు స్పందించిన తీరును విచారించిన రాయల్ కమిషన్ 2017 డిసెంబరులో 17 సంపుటాల తుది నివేదిక ఇచ్చింది. సంఘాలు పాపాన్ని క్షమాపణ భాషలో చుట్టి నేరాన్ని దాచిన తీరు అందులో నమోదైంది. ఈ ఆక్షేపణను పూర్తిగా ఒప్పుకోవాలి, ఎందుకంటే లేఖనమే దీన్ని ఒప్పుకుంటోంది. లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం, పొరుగువాడిని మోసగించినవాడు ముందు సొమ్ము మొత్తం, దానిపై అయిదో వంతు కలిపి తిరిగివ్వాలి, తర్వాతే బలి తేవాలి. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఒక మనిషికి హాని చేసిన పాపం ఆ మనిషిని పక్కనబెట్టి దేవుని దగ్గర తేలదు. నేరమైతే పోలీసుల దగ్గరికీ, కోర్టుకీ వెళ్లాల్సిందే. నిజంగా దేవుడే వెలికితీస్తే అది వెలుగులోకే వస్తుంది, మరింత లోతైన చీకటిలోకి పోదు.

తెలుగు క్రైస్తవులకు ఈ బోధ కొత్తది కాదు. 14వ శతాబ్దం నాటికే లాటిన్‌లో ఉండి, 1549లో ఆర్చిబిషప్ క్రాన్మర్ ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలోకి తెచ్చిన ఒక చిన్న ప్రార్థన, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ప్రభు భోజన ఆరాధనలోకీ వచ్చింది. అన్ని హృదయాలూ తెరిచినట్టు కనబడే దేవుణ్ని, ఏ రహస్యమూ దాగని దేవుణ్ని, తన ఆత్మతో మన తలంపులను శుద్ధి చేయమని అడిగే ప్రార్థన అది. ఆ ఆరాధన క్రమంలో అది పాపపు ఒప్పుకోలు కంటే ముందే వస్తుంది.