మద్రాసు పేరు మోసిన బాంబర్లు

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానికదళపు 35వ స్క్వాడ్రన్‌కి మరో పేరుండేది: మద్రాసు ప్రెసిడెన్సీ. వలసదేశాల నుంచి యుద్ధనిధికి వచ్చిపడిన సొమ్ముకి గుర్తుగా బ్రిటన్ ఇలాంటి పేర్లు పెట్టేది. రొడీషియా, సిలోన్ పేర్లు కూడా అలాగే దళాలకెక్కాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ ప్రెసిడెన్సీలోనివే కనుక ఆ పేరులో తెలుగువాడి వాటా కూడా ఉంది. నేను బడిలో చెప్పే చరిత్ర పాఠాల్లో మాత్రం ఈ ముచ్చట లేదు.

నాలుగు ఇంజన్ల హాలిఫాక్స్ బాంబర్లను మొట్టమొదట అందుకున్నది ఈ దళమే. 1941 మార్చి 10 రాత్రి అవి తొలిసారి ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు మీదికి వెళ్లాయి. తిరిగివస్తున్న ఒక విమానాన్ని శత్రువుదనుకొని బ్రిటిష్ ఫైటరే కూల్చింది. 1942 ఏప్రిల్ చివర ఈ దళం నార్వే తీరంలో తిర్పిట్జ్ యుద్ధనౌక మీదికి వెళ్లింది. అదే నెల 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. పేరు మనది, కాపలా ఎవరికో!

1942 ఆగస్టులో దీన్ని పాత్‌ఫైండర్ దళంలో చేర్చారు. ముందుగా పోయి, రంగురంగుల మంటలు జారవిడిచి, వెనక వచ్చే వందలాది బాంబర్లకు గురి చూపడం దాని పని. ఆ గురి ఏమిటన్నదే అసలు ప్రశ్న. 1942 ఫిబ్రవరి 14 నాటి ఉత్తర్వు శత్రుదేశ పౌరుల, ముఖ్యంగా పారిశ్రామిక కార్మికుల మనోధైర్యాన్ని లక్ష్యంగా నిర్ణయించింది. కార్మికుణ్ణి పేరుపెట్టి మరీ చెప్పారన్నమాట. 1943 జూలై చివర హాంబర్గ్ దాడుల్లో 30,000 మందికి పైగా చనిపోయారు. వారిలో అధికులు కార్మికవాడలవాళ్లు.

ఆ ఏడాదే తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది, ఆ ఏడాదే బెంగాల్ ఆకలితో చచ్చింది. ఫాసిజం ఓడితీరాలన్న ఆనాటి మన రచయితల పట్టుదలను నేను తప్పుపట్టను. బాంబర్ కమాండ్ తరఫున ఎగిరి ప్రాణాలు విడిచిన 55,000 పైచిలుకు యువకులూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. అయితే ఫాసిజాన్ని ఓడించడం వేరు, హాంబర్గ్ కూలివాడను కాల్చడం వేరు. ఈ రెంటినీ విడదీసి చూసే చూపు సాహిత్యానికి కావాలి. జర్మన్ రచయిత హాన్స్ ఎరిక్ నొస్సాక్ తన ఊరు హాంబర్గ్ తగలబడటాన్ని 1943లోనే రాసిపెట్టాడు. యుద్ధనిధి కథ రాయదలచిన తెలుగు రచయిత ఆ మంటని కూడా చదవాలి, ఎందుకంటే దాన్ని వెలిగించినవాటిలో మన జిల్లాల పేరుతో ఎగిరిన విమానాలున్నాయి.