నోటిమాట రాతప్రతి

పరిశోధకులు జనంతో జరిపిన ముఖాముఖిని రికార్డు చేసి, తర్వాత విని, మాట వెంట మాట కాగితం మీదికి దించడం. వ్యవహారంలో ట్రాన్స్‌క్రిప్షన్ అన్న మాటే ఎక్కువ. గంట రికార్డింగు రాయడానికి చెయ్యి తిరిగినవారికే మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. పదిమంది గుమిగూడి మాట్లాడితే ఇంకా ఎక్కువ. సమాజశాస్త్రం, జానపద విజ్ఞానం, మౌఖిక చరిత్ర తమ నిర్ణయాలను ఈ ప్రతి మీదే కడతాయి. కనుక దీన్ని గుమాస్తా పనిగా చూడడం పొరపాటు.

తెలుగునాట ఈ పని టేపు కన్నా పాతది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర గిరిజనులతో కలిసిమెలిసి, వాళ్ల మాటలను, పాటలను చెవితో పట్టి రాసుకున్నారు. ఆయన సవర భాషా గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అడవుల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైన్ మింగీ మింగీ ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. విని రాయడం మీద ఇంత ఖర్చు పెట్టిన మనిషి తెలుగులో మరొకరు కనబడరు. తర్వాతి తరంలో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఊరూరా రైతులను అడిగి సేకరించిన మాటలతో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వెలువడింది.

1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మౌఖిక చరిత్ర కార్యాలయం మొదలైంది. అక్కడ తొలినాళ్లలో రాతప్రతినే అసలు పత్రంగా భావించి, టేపులను చెరిపి మళ్లీ వాడుకునేవారు. గొంతు పోయింది, అక్షరం మిగిలింది. తర్వాత పరిశోధకురాలు గెయిల్ జెఫర్సన్ సంభాషణ విశ్లేషణ కోసం కొత్త గుర్తులు కల్పించారు. ఒకరి మాటకు మరొకరు అడ్డం రావడం, నవ్వు, ఊపిరి, సెకనులో పదోవంతు మౌనం కూడా వాటితో కాగితం మీదికి వచ్చాయి.

తెలుగులో ఈ ప్రక్రియకు మైలురాయి 1986లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన స్త్రీలను కలిసి, వాళ్లు చెప్పింది టేపుకెక్కించి చేసిన పుస్తకమిది. ఒక్కొక్కరి కథ 'నేను' అంటూ ఆమె నోటనే సాగుతుంది. వాళ్లలో ఒకరైన పాలకుర్తి చిట్యాల ఐలమ్మ 1985 సెప్టెంబరులోనే కన్నుమూశారు. ఆమె చెప్పుకున్నది ఆ పుటల్లో నిలిచింది. ఏడాది ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. 1989లో ఈ గ్రంథం ఇంగ్లీషులోనూ వచ్చింది. అదే పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం చెప్పగా విమల, కాత్యాయని రాసిన 'నా మాటే తుపాకీ తూటా' కూడా ఈ దారిలోదే.

తెలుగు రాతప్రతికి లిపితోనే ఒక చిక్కుంది. కోస్తా నోట 'వచ్చాడు'లో పలికే దీర్ఘాచ్చుకు మన వర్ణమాలలో అక్షరం లేదు. దంత్య చ, జలకు అక్షరాలున్నా అచ్చులో వాడుక పోయింది. అంతకన్నా పెద్ద చిక్కు, ఎవరి తెలుగులో రాయాలన్నది. ఉదాహరణకు, ఉమ్మడి చిత్తూరు జిల్లా చౌడేపల్లె మండలంలోని బోయకొండ గంగమ్మ గుడికి కర్ణాటక, తమిళనాడుల నుంచీ భక్తులొస్తారు. పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు మాటల్లో కన్నడం, అరవం కలగలిసి దొర్లుతుంటాయి. వాటిని పుస్తకాల తెలుగులోకి సరిచేస్తే చదవడానికి సాఫీగానే ఉంటుంది, మనిషి మాత్రం మాయమవుతుంది. 1997లో కుప్పంలో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం లాంటి చోట ఈ మూడు భాషలూ చెవికెక్కిన పరిశోధకులు దొరకడం ఈ సీమకున్న భాగ్యం.

ఇప్పుడు మాటను అక్షరాల్లోకి మార్చే యంత్రాలొచ్చాయి. కేంద్ర ప్రభుత్వ భాషిణి వేదిక 2022లో మొదలైంది. చిత్తుప్రతి వేగంగా చేతికొస్తుంది. కానీ 'ఆయమ్మ ఆడ్నే ఉండాది' అని ఒక ముసలవ్వ అన్నప్పుడు, దాన్ని 'ఆమె అక్కడే ఉంది' అని దిద్దితే ఆ 'అమ్మ'లోని చనువు, భక్తి రెండూ రాలిపోతాయి. ఆ 'ఆయమ్మ' కొండమీది గంగమ్మో, పక్కింటి ఇల్లాలో తెలియాలంటే రాసేవారు రికార్డింగును వెనక్కి తిప్పి, అంతకుముందు అవ్వ ఎవరి ఊసెత్తిందో మళ్లీ వినాలి.