ధర్మపురి: హయ్యర్ సెకండరీలో సాధారణ, వృత్తి విద్యలు

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో పదో తరగతి తరువాతి రెండేళ్ల చదువును హయ్యర్ సెకండరీ అంటారు. వాడుకలో ప్లస్ టూ. ఇది మన ఇంటర్మీడియట్‌కు సమానమే అయినా, ఎక్కువగా హైస్కూలుకు పైతరగతులుగానే నడుస్తుంది. కొఠారీ కమిషన్ (1964–66) సూచించిన 10+2+3 పద్ధతిలో భాగంగా తమిళనాడు 1978లో దీన్ని ప్రారంభించింది. సైన్సు, కామర్స్, ఆర్ట్స్ గ్రూపులతో పాటు వ్యవసాయం, నర్సింగ్, మెకానికల్, ఆఫీసు నిర్వహణ వంటి వృత్తి కోర్సులూ ఏర్పడ్డాయి. అయితే ఏ బడిలో ఏ గ్రూపు ఉందన్నదే పల్లె పిల్లలకు అసలు ప్రశ్న.

మామిడి తోటలు, పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్న ఈ జిల్లాలో వ్యవసాయ కోర్సు చిన్నచూపుకు తగినది కాదు. అయినా మార్కులు తక్కువ వచ్చినవారికే వృత్తి విభాగం అన్న భావన బలంగా ఉంది. పదిహేనేళ్లకే వృత్తి ఎంచుకోమనడం తొందరపాటని కొందరి అభ్యంతరం. అది సబబే, కాని ముందుకు దారి మూసుకుపోయినప్పుడే. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వృత్తి విద్యార్థులకు ప్రత్యేక కోటా ఉంది కనుక అక్కడ దారి తెరిచే ఉంది. వైద్యవిద్యకు మాత్రం భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు తప్పనిసరి. వృత్తి విభాగంలో నర్సింగ్ చదివినంత మాత్రాన ఆ అర్హత రాదు. ఈ తేడాను గ్రూపు ఎంచుకోకముందే పిల్లలకూ తల్లిదండ్రులకూ వివరించడం బడి బాధ్యత.