ఒక్కమారు మూల్యము – ఏటేటి చందా

గ్రంథాలయమున అడుగిడిన వారికి చందా యను మాట కొత్తది కాదు. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి మన పల్లెలలోని పుస్తకశాలలు పెక్కు చందాదారుల అండతోనే నిలిచినవి. గ్రంథాలయమునకు వచ్చు సామగ్రి రెండు తెఱగులది. పుస్తకమునకు ఒక్కమారు మూల్యము చెల్లించిన చాలును, అది అలమరలో నిలుచును. పత్రికకు ఏటేట చందా కట్టవలయును. కట్టనినాడు అది రాదు. ఈ రెండు పద్ధతులలో ఏది మేలన్న ప్రశ్న నేడు కంప్యూటరును నడపు నిర్వాహక వ్యవస్థ విషయమున బలముగా వినవచ్చుచున్నది. ఆపరేటింగ్ సిస్టమ్ అని జనులు పిలుచునది ఇదియే. మన గ్రంథాలయములకును కంప్యూటర్లు వచ్చిన ఈ కాలమున దీని చరిత్ర నెఱుగుట అవసరము.

ఒక్కమారు ధనమిచ్చి శాశ్వతముగా ఫలము పొందుట యెట్టిదో తిరుమల శాసనములు చక్కగా తెలుపుచున్నవి. దేవస్థానమువారు 1930వ దశాబ్దమున ఈ శాసనములను సంపుటములుగా ప్రకటించిరి. పల్లవ కుటుంబమునకు చెందిన సామవై యను రాణి వెండి విగ్రహమును సమర్పించి, దాని పూజాదికములకై భూమినిచ్చినది. విజయనగర రాజుల కాలమున దాతలు పెక్కుమంది శ్రీభండారమున రొక్కము చెల్లించిరి. ఆ రొక్కమును దేవస్థానమువారు వ్యయపఱచి ఊరకుండలేదు. ఆలయమునకు చెందిన గ్రామములలో చెఱువులు, కాలువలు త్రవ్వించిరి. వానివలన పెరిగిన పంటనుండి దాత కోరిన నైవేద్యము జరుగుచుండెడిది. ప్రసాదమున నాలుగవ పాలు దాతకు చెందుట ఆచారము. ఆచంద్రార్కమని శాసనమున వ్రాసినను, ఆ మాటను నిలిపినది రాయి కాదు. ఏటేట పండిన పంట. 1565లో తాళికోట యుద్ధమున విజయనగరము దెబ్బతినిన పిమ్మట అట్టి కట్టుబాట్లు పెక్కు నిలువలేదు.

ఇక కంప్యూటరు చరిత్రకు వత్తము. తొలినాళ్ళలో పెద్ద యంత్రములను అధికముగా నెలసరి అద్దెకు తెచ్చుకొనెడివారు. ప్రోగ్రాములు యంత్రముతోపాటే వచ్చుచుండెను. అమెరికాలోని ఐబిఎం సంస్థ 1969 జూన్ 23న తన ప్రోగ్రాములలో పెక్కింటికిని, సేవలకును వేరుగా మూల్యము నిర్ణయించెదనని ప్రకటించినది. నిర్వాహక వ్యవస్థ మాత్రము మఱికొంతకాలము యంత్రముతోడనే వచ్చినది. 1981లో ఐబిఎం చిన్న కంప్యూటరు వెలువడినపుడు దానికి నిర్వాహక వ్యవస్థను సమకూర్చిన మైక్రోసాఫ్ట్ సంస్థ, దానినే ఇతర యంత్రనిర్మాతలకు అమ్ముకొను హక్కును తనయొద్దనే నిలుపుకొన్నది. 1985లో విండోస్ వచ్చినది. కొన్నవారు యంత్రపు వెలలో భాగముగా దీని మూల్యమును ఒక్కమారు చెల్లించిరి. వారు పొందినది ఆ ప్రోగ్రాముపై స్వామ్యము కాదు, ఆ యంత్రమున దానిని వాడుకొను అనుమతి మాత్రమే.

ఆ అనుమతికి గడువు లేదు, కాని సంరక్షణకు గడువు కలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తో, 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తో, 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ సంరక్షణ ముగిసినది. గడువు తీరిన మఱునాడు యంత్రము ఆగిపోదు. కాని దొంగలు ప్రోగ్రామున కొత్త కన్నము కనుగొన్నచో దానిని పూడ్చువారుండరు. విండోస్ 10కి అటుపై సంరక్షణ కోరు సంస్థలు ఏటేట రుసుము చెల్లించి గరిష్ఠముగా మూడేండ్లు పొందవచ్చును. ఒక్కమారు కొన్నది తుదకు చందాలోనికి వచ్చినట్లే కదా! తిరుమల దాత ఇచ్చిన రొక్కము పంట కాలువయై ఏటేట ఫలించెను. ఇచట చెల్లించిన మూల్యమునకు అట్టి ఏటి రాబడి లేదు. భేదమంతయు ఇందే యున్నది.

చందా పద్ధతి బలపడిన కథలో మన సీమ సంబంధము ఒకటి కలదు. 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతియైన సత్య నాదెళ్ళగారు హైదరాబాదున జన్మించిరి. వారి తండ్రి యుగంధరుగారు అనంతపురము జిల్లా బుక్కాపురము వారు. ఆ సంస్థ కార్యాలయపు ప్రోగ్రాములను 2011నుండియే చందాపై ఇచ్చుచుండెను. నాదెళ్ళవారి హయాములో ఆ మార్గము రాజమార్గమైనది. 2016నుండి పెద్ద సంస్థలకు విండోస్ సైతము మనిషికింతయని చందాపై లభించుచున్నది. గృహస్థులకు మాత్రము అది యంత్రముతోడనే వచ్చుచున్నది. చందాలో సవరణలు తప్పక అందును. ఒక్కమారుగా పెద్ద మొత్తము అక్కఱలేదు. కాని చందా ఆగిననాడు హక్కును ఆగును. వెల పెంచుట అమ్మువాని చేతిలోనుండును.

మూడవ మార్గమొకటి కలదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అందఱును చూచి, మార్చి, పంచుకొనదగిన వ్యవస్థను నిర్మింప పూనెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దానికి ఆయువుపట్టనదగిన లైనక్స్‌ను వెలువరించెను. మన తెలుగునాట స్వేచ్ఛ సంస్థవారు తెలుగున పనిచేయు లైనక్స్ వ్యవస్థను సిద్ధపఱచిరి. ఇందు అనుమతికి వెల లేదు. అయినను సంరక్షణ శ్రమ తప్పదు: రెడ్ హ్యాట్ సంస్థ లైనక్స్ సంరక్షణనే చందాకు విక్రయించుచున్నది. ఉబుంటు దీర్ఘకాల సంచికలు రెండేండ్లకొకటి వెలువడును. ఒక్కొక్కదానికి ఐదేండ్లు ఉచితముగా సవరణలు లభించును. ఆ పిమ్మట కొత్తదానిని ఎక్కింపవలయును, ఎక్కింప నేర్చినవాడు ఊరిలో నుండవలయును.

కావున గ్రంథాలయ నిర్వాహకులు యంత్రము కొనునపుడు వెల యొక్కటే అడిగిన చాలదు. సంరక్షణ ఏ తేదీవఱకు? ఆ పిమ్మట ఏటికెంత? చెల్లింపు ఆగినచో మన పుస్తకపట్టికలు, చందాదారుల లెక్కలు మన చేతికి వచ్చునా? ఈ మూడింటికిని ఉత్తరము వ్రాతమూలకముగా పొందవలయును. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయముల చట్టము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును ఏర్పఱచినది. పుస్తకశాల ఒక్కనాటి దానముతో నిలువదని ఆ చట్టమెఱిగినది. మనమును యంత్రమునకై ఏటేట కొంత నిధిని ప్రత్యేకించి, ఊరి యువకులలో ఇద్దఱికైనను దాని మరామతు నేర్పింతుమేని, ఏ పద్ధతిని ఎంచుకొన్నను నష్టపడము. అట్లు చేయనిచో, ఉచితముగా వచ్చినదియు పూడిపోయిన కాలువవలె నిరుపయోగమగును.