ఒకే జెర్సీలో తండ్రీ కొడుకులు

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు కెన్ గ్రిఫీ సీనియర్‌కు ఊహ తెలియక ముందే తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. పెన్సిల్వేనియాలో ఉక్కు ఫ్యాక్టరీల పొగ పీల్చి బతికిన డొనోరా అనే చిన్న ఊళ్లో తల్లే పిల్లలందరినీ సాకింది. ఆ వెళ్లిపోయినవాడూ మంచి ఆటగాడే. తర్వాత బేస్‌బాల్ దిగ్గజమైన స్టాన్ మ్యూజియల్‌తో కలిసి అదే ఊరి హైస్కూల్లో ఆడాడు.

తనకు దక్కని నాన్నను సీనియర్ తన కొడుక్కి దక్కనిచ్చాడు. 1975, 1976ల్లో వరల్డ్ సిరీస్ గెలిచిన సిన్సినాటి రెడ్స్‌లో అతను కీలక ఆటగాడు. కొడుకు జూనియర్ ఆ జట్టు డ్రెస్సింగ్ రూములో ఆడుకుంటూ పెరిగాడు. నాన్న టోపీ పెట్టుకుంటే కళ్ల మీదికి జారేదట, అందుకే వెనక్కి తిప్పుకునేవాడు. పెద్దయ్యాక అదే అతని గుర్తయింది.

1987లో, జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, సియాటిల్ మారినర్స్ అందరికన్నా ముందు ఎంచుకుంది జూనియర్‌నే. వారసుడికేం, నల్లేరు మీద బండి నడక అనుకుంటాం. కానీ మరుసటి జనవరిలో, 18 ఏళ్ల వయసులో, అతను ఆత్మహత్యకు ప్రయత్నించాడు. తండ్రితో గొడవలు, నెత్తిన అంచనాల బరువు. తనలాంటి కుర్రాళ్లు ఆ పని చేయకూడదని 1992లో తనే ఆ సంగతి బయటపెట్టాడు. అతని రికార్డులన్నిటికన్నా ఈ ధైర్యమే గొప్పదంటాను.

1989 ఏప్రిల్ 10న, సరిగ్గా తండ్రి పుట్టినరోజున, సొంత మైదానం కింగ్‌డోమ్‌లో ఎదుర్కొన్న తొలి బంతినే హోమ్‌రన్ కొట్టాడు. మరుసటేడు రెడ్స్ వదిలేసిన సీనియర్‌ను మారినర్స్ తీసుకుంది. ఆగస్టు 31న లెఫ్ట్ ఫీల్డ్‌లో తండ్రి, పక్కనే సెంటర్ ఫీల్డ్‌లో కొడుకు. మేజర్ లీగ్ అంతకుముందు ఎరగని ముచ్చట అది!

రెండు వారాలకు, సెప్టెంబరు 14న, అనాహైమ్‌లో పిచర్ కిర్క్ మెక్‌కాస్కిల్ వేసిన బంతిని 40 ఏళ్ల సీనియర్ కంచె దాటించాడు. వెంటనే బ్యాటింగ్‌కు వచ్చిన 20 ఏళ్ల జూనియర్ కూడా హోమ్‌రన్ కొట్టాడు. తండ్రీ కొడుకులు ఇలా వెంటవెంటనే కొట్టడం మరెవరికీ సాధ్యం కాలేదు.

సీనియర్ మొత్తం హోమ్‌రన్లు 152, జూనియర్‌వి 630. 2016 హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో 440 ఓట్లకు 437 జూనియర్‌కే పడ్డాయి. సీనియర్ లెక్క మాత్రం వేరు. రెండు వరల్డ్ సిరీస్ విజయాలకన్నా కొడుకుతో కలిసి ఆడటమే తన జీవితంలో గొప్ప విషయమంటాడు.