కాలినడకన బందరు రేవు

ముదిగుబ్బ ప్రాంతమున పుట్టి పెరిగిన వారికి సముద్రమనునది పుస్తకములలోని మాట. మనకు నీరనగా చెరువు, బావి, ఎప్పుడో ఒకసారి కురిసే వాన. అయినను తెలుగు క్రైస్తవ సంఘ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయము సముద్రపు ఒడ్డున, మచిలీపట్నములో జరిగినది. జనుల నోట అది బందరు. పారసీకములో ఆ మాటకు రేవు అని అర్థము. ధర్మవరము నుండి అక్కడికి రైలు కలదు. మేము ఒంటరిగా వెళ్ళి, రిక్షా గాని ఆటో గాని ఎక్కకుండ, ఆ పట్టణమును కాలినడకన చూచి వచ్చాము. తోడు ఉంటే మాటలతోనే పొద్దు గడచిపోవును, పేటల పేర్లు చెవిన పడవు.

ఆ పేర్లలోనే ఊరి చరిత్ర ఉన్నది. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము! వలందాలనగా హాలెండు దేశస్థులైన డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. గోలకొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో డచ్చివారు 1605లో ఇక్కడికి వచ్చారు. ఇంగ్లీషువారు 1611లో గ్లోబ్ అను ఓడలో వచ్చి, తూర్పు తీరమున తమ మొదటి వర్తకశాలను ఇక్కడనే పెట్టారు. అప్పటికి చెన్నపట్నము లేదు. ఆ తరువాత చెన్నపట్నపు కోటకు పునాది వేసిన ఇద్దరిలో ఆండ్రూ కోగన్ బందరు వర్తకశాలకు పెద్ద. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. 1759 ఏప్రిల్ నెలలో కర్నల్ ఫోర్డు బందరు కోటను వారి చేతి నుండి పట్టుకొన్నాడు. మన పెనుకొండకు కూడ ఈ కథలో చిన్న పాత్ర ఉన్నది. 1610లో పులికాటున డచ్చివారికి చోటు ఇచ్చిన వెంకటపతి రాయలు అంతకు పూర్వము పెనుకొండ నుండి రాజ్యమేలినవాడే.

వీరందరును వచ్చినది ముఖ్యముగా బట్ట కొరకు. కలముతో రంగులద్దిన బందరు బట్టలు ఓడలలో పారసీక దేశము వరకు పోయేవి. సమీపమున ఉన్న పెడనలో ఆ కలంకారీ పని నేటికిని జరుగుచున్నది. డచ్చివారి శ్మశానములో పదిహేడవ శతాబ్దపు సమాధి రాళ్ళున్నవి. వాటిమీద వంశ చిహ్నములు, ఉబ్బెత్తు అక్షరములు చెక్కియున్నవి. మూడు వందల ఏండ్లు గడచినను చెక్కడపు నాణ్యము పోలేదు. ధర్మవరపు మగ్గముల నడుమ తిరిగిన వారము గనుక మాకు ఒక్క సంగతి తోచినది. బట్ట కొన్నవారి పేర్లు రాతిమీద నిలిచినవి, నేసినవాని పేరు ఎక్కడను లేదు.

సెయింట్ మేరీ దేవాలయమును గూర్చి ఒక ప్రేమకథ చెప్పుకొంటారు. 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సన్ అను యువతికి శ్మశానములో చోటు దొరకక, సేనాధిపతి జాన్ పేటర్ ఆమె సమాధి మీదనే గుడి కట్టించినాడట. కథలో ఎంత పాలు నిజమో గాని, వినువారికి కొరత లేదు.

మేము ఎక్కువసేపు నిలిచినది నోబుల్ కళాశాల వద్ద. రాబర్ట్ నోబుల్ దొరగారును, హెన్రీ ఫాక్స్ దొరగారును చర్చి మిషనరీ సొసైటీ పక్షమున 1841లో బందరు చేరారు. నోబుల్ గారు 1843 నవంబరులో బడి తెరిచి, ఒక్కసారియైనను స్వదేశమునకు తిరిగి వెళ్ళక, ఆ బడికే జీవితమును ధారపోశారు. 1852లో అయినాల భూషణము, మంచాల రత్నము అను విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరు అట్టుడికినది, బడి దాదాపు ఖాళీ అయినది. ఆయన చలించలేదు. తరువాత రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బోధించినదియు, విశ్వనాథ సత్యనారాయణ గారు వంటివారు చదివినదియు ఈ విద్యాలయములోనే.

అయితే ఇంకొక మాట కూడ చెప్పవలెను. శతవార్షిక సంచికలలో పొగడ్త మాత్రమే వ్రాయుట మన అలవాటు గాని, అది చరిత్ర కాదు. నోబుల్ గారు తమ బడిని అగ్రకులముల పిల్లల కొరకే నడిపారు. పై కులముల వారు మారితే క్రింది వారు వెంట వచ్చెదరని ఆనాటి అనేకుల తలంపు. మాల, మాదిగ పిల్లలకు అక్కడ చోటు లేదు. నేడు మన ఆలయములలో కూర్చుండు అనేకుల తాత ముత్తాతలు ఆ బడి గుమ్మము దాటి లోపలికి పోలేకపోయేవారు. కాని జరిగినది వేరు. 1859లో డార్లింగ్ దొరగారి వద్ద బాప్తిస్మము పొందిన పగోలు వెంకయ్య గారు మాల కులస్థుడు. పల్లెలలో సంఘము పెరిగినది ఆయన వంటివారి వలన. నోబుల్ గారి త్యాగమును తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. ఆ త్యాగము ఎంత నిజమో, ఆ మూసిన తలుపు కూడ అంత నిజము.

అక్కడి నుండి బందరు కోట వైపు నడిచాము. చెట్ల నీడ తక్కువ, ఉప్పుగాలి ఎక్కువ. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానులో సముద్రము ఈ నేలమీదికి లేచి వచ్చినది. సుమారు 30,000 మంది మరణించారు. మిషను బాలికల వసతి పాఠశాలలోని పిల్లలును వారిలో ఉన్నారు. నోబుల్ గారు ఆ రాత్రి బ్రతికి, 1865 అక్టోబరులో కన్నుమూశారు. సైన్యమును కూడ ఆ ఏడే అక్కడినుండి తీసివేశారు.

రేవు క్షీణించుటకు ఉప్పెన ఒక్కటే కారణము కాదు. తీరము లోతు లేనిది, ఒండ్రుమట్టి మేటవేయుచుండేది. పెద్ద ఓడలు సుమారు అయిదు మైళ్ళ దూరమున లంగరు వేయగా, సరుకును పడవలలో చేరవేసేవారు. లోతైన రేవులు, రైలు మార్గములు ఏర్పడిన తరువాత ఆ కష్టమెవరు పడుదురు? గిలకలదిండి వద్ద ఇప్పుడున్నవి చేపల పడవలు. కొత్త ఓడరేవు పనులు మాత్రము 2023లో మొదలైనవి. ఒకప్పుడు వలందాల ఓడలు ఒడ్డుకు రాలేక దూరముగా నిలిచిన తీరముననే లోతు త్రవ్వుచున్నారు.